దుడుకు గుఱ్ఱమును మచ్చిక చేయుట

గుఱ్ఱమును కొనుట యొకనాటి పని. దానిని తనదిగా జేసికొనుట పెక్కు మాసముల పని. ఈ రెంటికి నడుమ నున్న కాలముననే యనేకములైన మంచి గుఱ్ఱములు చెడిపోవుచుండును. వాని యజమానులును కాలుసేతులు విఱుగగొట్టుకొనుచుందురు. సంతలో సాధువుగ నిలుచుండిన మూడేండ్ల పిల్లగుఱ్ఱము ఇల్లు చేరిన వారమునకే త్రాడు తెంపుకొనజూచును. చేయి చాచిన కఱవ వచ్చును. జీను వేయబోయిన వెనుక కాళ్లపై లేచును. కొన్నవాడు తాను మోసపోతి ననుకొనును. ఇరుగుపొరుగువారు కొరడా తీయుమని బోధింతురు. కొరడా తీసినకొలది గుఱ్ఱము మఱింత దుడుకగును. తుదకు సగము వెలకే దానిని ఇంకొకనికి అమ్మివేయును. ఆ రెండవవాడును మొదటివానివలెనే ప్రవర్తించును. ఇట్లు రెండుమూడు చేతులు మాఱునప్పటికి ఆ జంతువునకు మనుష్యజాతియందే నమ్మకము పోవును. అటుపై దానిని బాగుచేయుట నిపుణులకును కష్టమే.

ఒకప్పుడు మన పట్టణములలో జట్కాబండ్లు నిండియుండెడివి. ఇప్పుడవి చాలవఱకు కనుమఱుగైనవి. అయినను గుఱ్ఱము మన దేశమును విడిచిపోలేదు. రాజస్థానములోని పుష్కరమునందును, మహారాష్ట్రములోని సారంగఖేడాయందును, నాందేడు జిల్లాలోని మాళేగాము జాతరయందును నేటికిని గుఱ్ఱముల సంతలు జరుగుచున్నవి. చెవికొనలు లోపలికి వంగి యొకదానినొకటి తాకజూచు మార్వాడ, కాఠియావాడ జాతుల గుఱ్ఱములను ముచ్చటపడి కొనువారు కలరు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందువారికి గుఱ్ఱపుస్వారి నేర్పుచున్నారు. కావున ఈ విషయము మనకు దూరమైనది కాదు.

ఈ వ్యాసమున ముఖ్యముగ చెప్పదలచినది యొక్కటి. పిల్లగుఱ్ఱము చూపు దుడుకుతనము చాలవఱకు పొగరు కాదు. అది భయమో, నొప్పియో, మనము కోరినది తెలియకపోవుటయో అయి యుండును. ఈ మూడింటిలో ఏదియో కనుగొని దానిని తొలగించుటయే మచ్చిక చేయుట.

గుఱ్ఱపు స్వభావము

గుఱ్ఱము గడ్డి మేసి జీవించు జంతువు. దానికి కొమ్ములు లేవు, వాడిగోళ్లు లేవు. క్రూరమృగములనుండి దానిని కాపాడినది పరుగొక్కటే. పొద కదలినప్పుడు నిలిచి, అది గాలియో తోడేలో యని విచారించిన గుఱ్ఱము బ్రదుకలేదు. ముందు పరుగెత్తి తరువాత విచారించినదే బ్రదికి పిల్లలను గన్నది. నేటి పెంపుడు గుఱ్ఱముల పూర్వులు సుమారు 4,200 సంవత్సరముల క్రిందట, ఇప్పటి రష్యా దేశమునందలి వోల్గా, డాన్ నదుల దిగువ మైదానములలో మనుష్యులకు మచ్చికయైనవని 2021లో ప్రకటింపబడిన జన్యుపరిశోధనలు తెలుపుచున్నవి. అంతకు పూర్వము లక్షలకొలది సంవత్సరములు దానిని కాపాడిన భయము ఈ కొద్దికాలపు సాహచర్యముచే పూర్తిగ పోవునా? దారిలో పడియున్న కాగితపు ముక్కను చూచి బెదరిన గుఱ్ఱము తన పూర్వులు నేర్పిన పాఠమునే అప్పగించుచున్నది.

దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి. అందుచేత తల త్రిప్పకయే తన చుట్టునున్న 360 భాగములలో సుమారు 350 భాగములను చూడగలదు. చూడలేని తావులు రెండే: నుదుటికి సరిగా ఎదురుగనున్న కొంచెము చోటు, తోకకు సరిగా వెనుకనున్న చోటు. కొత్తవారు ప్రేమతో చేయి చాచి తిన్నగ నుదురు నిమురబోదురు. గుఱ్ఱమునకు ఆ చేయి దగ్గఱకు వచ్చి యంతలో మాయమైనట్లు తోచును; ఉలికిపడి తల యెగురవైచును. వెనుకనుండి చప్పుడు చేయక వచ్చినవానిని తన్నును. ఇది దౌర్జన్యము కాదు. కానరాని శత్రువును దూరముగ నుంచుకొనుట. కావున గుఱ్ఱమును ఎల్లప్పుడును భుజము వైపునుండి, మెల్లగ మాటలాడుచు సమీపింపవలెను. మొదట మెడనో భుజమునో తాకి, పిదప ఇతరభాగములకు పోవలెను.

గుఱ్ఱము తన మనస్సును చెవులతో చెప్పును. చెవులు ముందునకు నిక్కినయెడల ఎదుట నేదియో చూచుచున్నదని యర్థము. ఒక చెవి మనవైపు త్రిప్పినయెడల మనలను వినుచున్నది. రెండు చెవులను వెనుకకు మెడకంటునట్లు అణచినయెడల కోపించినది. అప్పుడు దాని పండ్లకును గిట్టలకును అందనిచోట నుండవలెను. తోకను విసవిస కొట్టుట, పెదవులు బిగబట్టుట, కంటి తెల్లగ్రుడ్డు కనబఱచుట, ఇవన్నియు అది మనకు ముందుగ నిచ్చు హెచ్చరికలు. ఇన్ని విధముల చెప్పినను విననివానినే గుఱ్ఱము కఱచును.

అలెగ్జాండరు చూచినది

భయమునకు కారణము కనుగొనుట యనునది యెంతటి విద్యయో తెలుపు కథ యొకటి గ్రీకు చరిత్రకారుడైన ప్లూటార్కు వ్రాసెను. థెస్సలీ దేశపు వర్తకుడొకడు మాసిడోనియా రాజైన ఫిలిప్పునొద్దకు బ్యూసెఫలసను గుఱ్ఱమును తెచ్చి పదుమూడు టాలెంట్ల వెల చెప్పెను. అది యెవ్వరిని దగ్గఱకు రానీయక లేచి పడుచుండెను. ఇట్టి పనికిమాలినదానిని తీసికొనిపొమ్మని రాజు కోపించెను. బాలుడైన అలెగ్జాండరు దాని నెక్కెదనని పందెము వేసెను. ఆతడు చేసినదేమి? పెద్దవారెవ్వరును గమనింపనిదానిని గమనించెను: గుఱ్ఱము తన యెదుట నేలపై ఎగురుచున్న తన నీడను చూచి బెదరుచుండెను. ఆతడు కళ్లెము పట్టి దాని మొగమును సూర్యునివైపు త్రిప్పెను. నీడ వెనుకకు పోయెను. కొంతదూరము దానితోకూడ నడచి, మెల్లగ నిమిరి, పై వస్త్రమును చప్పుడు కాకుండ జారవిడిచి, ఎక్కి కూర్చుండెను. పగ్గములను మొదట మృదువుగ పట్టి, దాని బెదరు తీఱిన పిమ్మటనే దౌడు తీయించెను.

ఆ గుఱ్ఱమే తరువాత ఆతనిని మనదేశపు సరిహద్దుల వఱకు మోసెను. క్రీస్తుపూర్వము 326లో పురుషోత్తముని తోడి యుద్ధమైన పిమ్మట జీలము నదీప్రాంతమున అది మరణింపగా, అలెగ్జాండరు దాని పేర నచట నొక పట్టణమును కట్టించెను. ఈ కథలో శౌర్యముకంటె చూపు గొప్పది. గుఱ్ఱము మాఱలేదు, దాని యెదుటనున్న భయకారణము తొలగింపబడినది.

మొదటి మాసము

కొత్త యజమానుడు సామాన్యముగ చేయు పొరపాటు, తెచ్చిన మఱునాడే ఎక్కజూచుట. పిల్లగుఱ్ఱము తనతోడి గుఱ్ఱములను, తెలిసిన మనుష్యులను, తెలిసిన మేతను విడిచి వచ్చినది. గుఱ్ఱము మందలో బ్రదుకు జంతువు. ఒంటరితనము దానికి అపాయముతో సమానము. వేఱొక గుఱ్ఱముగాని, అది లేనియెడల గాడిదగాని మేకగాని దగ్గఱనున్న దాని మనస్సు కుదుటబడును. లాయములో రాత్రింబగళ్లు కట్టివేసిన గుఱ్ఱమునకు ఒడలిలో బలము నిలువయై, విడిచిన క్షణమున గంతులు వేయును. దినమునకు కొన్ని గంటలైనను కంచె వేసిన చోట స్వేచ్ఛగ తిరుగనీయవలెను.

మేతవిషయమున మన ప్రాంతమునందు తఱచు పొరపాటు జరుగును. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదని సామెత. ఆ దాణా పనికి తగినట్లుండవలెను. పని లేని పిల్లగుఱ్ఱమునకు ఉలవలు, శనగలు, గింజలు కడుపార పెట్టి, పిదప అది నిలువకున్నదని కొట్టుట న్యాయము కాదు. గుఱ్ఱపు జీర్ణకోశము చిన్నది; కొంచెము కొంచెముగ దినమంతయు మేయుటకు ఏర్పడినది. 400 కిలోల బరువుగల గుఱ్ఱమునకు దినమునకు ఎండుగడ్డి లెక్కన 6 మొదలు 8 కిలోల వఱకు మేత కావలెను. 25 మొదలు 40 లీటర్ల నీరు త్రాగును. మన వేసవియందు ఇంకను ఎక్కువ కావలసియుండును. మేత మార్చవలసివచ్చినయెడల వారము పదిదినములలో క్రమక్రమముగ మార్చవలెను. గుఱ్ఱము తిన్నదానిని కక్కలేదు. కావున కడుపునొప్పి పుట్టి పొర్లాడుచున్నయెడల అది ప్రాణాపాయమని యెంచి వెంటనే పశువైద్యుని పిలువవలెను.

13వ శతాబ్దపు చివరను దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో అను వెనిసు యాత్రికుడు, పాండ్యరాజులు ఏటేట సముద్రముమీదుగ వేలకొలది గుఱ్ఱములను పెద్దవెలలకు తెప్పించుకొనుచుండిరనియు, వానిని సాకు విధము తెలియనందున ఏడాది తిరుగునప్పటికి మిక్కిలి కొద్దివి మాత్రమే మిగులుచుండెననియు వ్రాసెను. ధనము గుఱ్ఱమును తేగలదు గాని నిలుపుకొనలేదు.

నొప్పిని వెదకుట

మచ్చిక మొదలుపెట్టుటకు ముందు వైద్యునిచే గుఱ్ఱమును పరీక్ష చేయింపవలెను. రెండవయేటినుండి అయిదవయేటిలోపల పిల్లగుఱ్ఱమునకు 24 పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చును. ముందుపండ్లు నడిమివి రెండున్నరయేండ్లకు, వాని ప్రక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు మాఱును. అనగా మనము దానికి కళ్లెము నేర్పు కాలమే దాని నోరు నొచ్చుచుండు కాలము. ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని చిగురు గలదు. కళ్లెపు టినుము కూర్చుండు తావదియే. దాని వెనుక కొన్ని గుఱ్ఱములకు మొదటి దవడపంటికి ముందుగ తోడేటిపన్నను చిన్నపన్ను పుట్టును. కళ్లెము దానికి తగిలినప్పుడెల్ల గుఱ్ఱము తల విదలించును. చూచువారు మొండితనమందురు. వైద్యుడు పన్ను తీసివేయగానే మొండితనము కూడ పోవును.

అట్లే జీను ఇఱుకైనను, వీపున పుండున్నను, గిట్టలో ఱాయి చిక్కుకొన్నను, లాడము వంకరగ కొట్టినను గుఱ్ఱము తన్నును, లేచును. చెప్పుకొనుటకు నోరులేని జంతువు ఒడలితోనే చెప్పుకొనవలెను గదా! ఎముకల సంగతియు మఱవరాదు. కాళ్ల క్రిందిభాగపు ఎముకలు ముందుగ ముదురును; వెన్నెముక అన్నిటికంటె ఆలస్యముగ, అయిదేండ్లు దాటిన పిమ్మట గాని పూర్తిగ ముదురదు. మూడవయేట తేలికయైనవానిని కొద్దిసేపు మోయ నేర్పవచ్చును గాని, బరువుపని, దూరప్రయాణము, ఎత్తుదుముకులు ఆ వయస్సునకు తగవు. పెద్ద గుఱ్ఱమునకైనను మనుష్యుడును జీనును కలిసి దాని బరువులో అయిదవవంతు మించకుండుట మంచిదని తెలిసినవారు చెప్పుదురు.

గుఱ్ఱము నేర్చుకొను విధము

భారతకథలో నలుడు ఋతుపర్ణునకు నేర్పిన విద్యకు అశ్వహృదయమని పేరు. గుఱ్ఱపు హృదయము తెలిసినవానికే గుఱ్ఱము వశమగునని ఆ పేరే చెప్పుచున్నది. నేటి శిక్షకులు చెప్పు ముఖ్యసూత్రము చిన్నది: గుఱ్ఱము ఒత్తిడివలన నేర్చుకొనదు, ఒత్తిడి సడలుటవలన నేర్చుకొనును.

దీనికొక యుదాహరణము చూతము. గుఱ్ఱమును త్రాడుపట్టి నడిపింపవలెను. త్రాటిని లాగగానే అది కాళ్లు తన్నిపట్టి వెనుకకు లాగును. మనము ఇంకను గట్టిగ లాగుదుము. 400 కిలోల జంతువుతో 60 కిలోల మనుష్యుడు బలపరీక్ష చేసిన ఫలితము చెప్పనక్కఱలేదు. తెలిసినవాడు అట్లు చేయడు. త్రాటిని కొంచెముగ బిగించి అట్లే పట్టుకొని యుండును, లాగడు, విడువడు. గుఱ్ఱము అటునిటు తల త్రిప్పి, ఏదియో యొక క్షణమున ఒక్క అడుగు ముందునకు వేయును. ఆ క్షణముననే త్రాడు సడలించి, మెడ నిమిరి, మంచిమాట చెప్పును. ముందునకు వచ్చినయెడల సుఖము కలుగునని దానికి తెలిసినది. పదిసార్లు ఇట్లు జరిగిన పిమ్మట త్రాడు కదిలినంతనే నడచును.

ఇందు మెలకువయంతయు సడలించు క్షణములో నున్నది. అడుగు వేసిన పిమ్మట కూడ లాగుచున్నయెడల, అడుగు వేసినను ప్రయోజనము లేదని గుఱ్ఱము నేర్చుకొనును. వెనుకకు లాగినప్పుడు భయపడి త్రాడు విడిచినయెడల, వెనుకకు లాగుటయే ఉపాయమని నేర్చుకొనును. తన్నబోగా బురుసు క్రిందపెట్టి వెళ్లిపోయిన గుఱ్ఱపువాడు తన్నుట యెట్లో దానికి తానే నేర్పినవాడగుచున్నాడు. కావున గుఱ్ఱము మనయొద్ద ప్రతిక్షణమును ఏదియో యొకటి నేర్చుకొనుచునే యుండును. అది మనము నేర్పదలచినదే యగునా యనునదే ప్రశ్న.

గుఱ్ఱము మనలను ఎంత సూక్ష్మముగ కనిపెట్టునో తెలుపు విచిత్రమొకటి జర్మనీ దేశమున జరిగెను. బెర్లిను నగరమున ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయునికి హాన్సు అను గుఱ్ఱముండెను. ఎన్ని యేడు నెంత యని యడిగినయెడల గిట్టతో నేలను తట్టి సరియైన సమాధానము చెప్పుచుండెను. 1904లో పండితసంఘము పరీక్షించి మోసమేమియు లేదనెను. 1907 నాటికి ఫుంగ్‌స్టు అను పరిశోధకుడు నిజము వెల్లడించెను. అడుగువానికి సమాధానము తెలిసినప్పుడు మాత్రమే గుఱ్ఱము సరిగా చెప్పుచుండెను. తట్టుడు సరియైన సంఖ్యకు చేరగానే అడిగినవాని తల, మొగము తనకు తెలియకయే ఇంచుక కదలెడివి. గుఱ్ఱము దానిని చూచి నిలిపెడిది. లెక్కలు రాని గుఱ్ఱమునకు మనుష్యుని చదువుట వచ్చును!

2009లో స్వీడను దేశపు పరిశోధకులు ఇట్టిదే యొకటి చూపిరి. గుఱ్ఱమును కొంతదూరము నడిపించుమని కొందఱికి చెప్పిరి. ఒకసారి మాత్రము, దారిలో గొడుగు తటాలున తెఱవబడునని ముందుగ చెప్పిరి; నిజమునకు ఎవ్వరును తెఱవలేదు. అయినను ఆ సారి నడిపించువారి గుండె వేగముగ కొట్టుకొనుటయే గాక, గొడుగుమాట యెఱుగని గుఱ్ఱపు గుండెయు వేగముగ కొట్టుకొనెను. కావున జంకుచు లాయములో ప్రవేశించువాడు, తనతో జంకును కూడ లోపలికి తీసికొనిపోవుచున్నాడు. మనస్సు కలతచెందిన దినమున పాఠము మానుట ఉత్తమము.

మెట్టు తరువాత మెట్టు

పాఠము దినమునకు 15 మొదలు 20 నిమిషములకు మించనక్కఱలేదు. అది ప్రతిదినము జరుగుట ముఖ్యము. ఒక మెట్టు నిలుకడగ కుదిరిన పిమ్మటనే రెండవది.

మొదటిది తాకించుకొనుట. భుజమునుండి మొదలుపెట్టి మెడ, వీపు, కడుపు, కాళ్లు, చెవులు చేతితోను బురుసుతోను రుద్దవలెను. భయపడిన చోటికి కొంచెము ముందుగ ఆగి, అది నిలుకడగ నున్నప్పుడు చేయి తీయవలెను. అన్నియు ఇరుప్రక్కల చేయవలెను. ఎడమవైపు మాత్రమే అలవాటైన గుఱ్ఱము కుడివైపున మనుష్యుని చూచి కొత్తవానిని చూచినట్లు బెదరును.

రెండవది నడచుట, నిలుచుట, వెనుకకు అడుగు వేయుట, దారి యిచ్చి ప్రక్కకు తొలగుట. మనలను త్రోయక మన చోటును మన్నించుట ఇచటనే నేర్వవలెను. త్రాటిని ఎన్నడును చేతికి చుట్టుకొనరాదు. గుఱ్ఱము పరుగెత్తినయెడల వ్రేళ్లు తెగును, మనుష్యుడు ఈడ్వబడును.

మూడవది కాళ్లెత్తుట. గుఱ్ఱమునకు కాలు ఇచ్చుటయనగా పరుగును ఇచ్చివేయుట. కావున ఇది దాని నమ్మకమునకు పెద్దపరీక్ష. మొదట ఒక్క క్షణము ఎత్తి, తానుగా లాగుకొనకముందే దింపవలెను. లాడములు కొట్టువాడు వచ్చునప్పటికి ఇది పూర్తియై యుండవలెను.

నాలుగవది జీను, కళ్లెము. ముందు మడిచిన గుడ్డను వాసన చూడనిచ్చి వీపున వేసి తీయుచుండవలెను. పిదప తేలికజీను. కడుపుక్రింది పట్టెడను ఒక్కసారిగ బిగింపక, ఒక్కొక్క రంధ్రము చొప్పున బిగించుచు నడుమ నడిపింపవలెను. ఇనుపకళ్లెమును చలిదినములందు చేతిలో వెచ్చచేసి నోట పెట్టుట దయ మాత్రమే గాక తెలివియు నగును.

అయిదవది ఎక్కుట. దీనిని కొత్తవాడు ఒంటరిగ చేయరాదు. అనుభవముగల యొకడు తలయొద్ద నుండవలెను. ఎక్కువాడు తలకు గట్టిటోపీ పెట్టుకొనవలెను. మొదటిదినము వీపుపై బరువు మోపి దిగుటయే పాఠము. తరువాత కూర్చుండుట, ఆపై నాలుగడుగులు. గుఱ్ఱము ఇంకను చేయగలిగియుండగనే నిలుపవలెను. అలసి విసిగిన గుఱ్ఱము మఱునాడు పాఠము ననుమానముతో చూచును.

తఱచు కనబడు దోషములు

బెదరుట: గ్రీకుదేశపు సేనాని జెనొఫోను సుమారు 2,400 సంవత్సరముల క్రిందటనే గుఱ్ఱపుస్వారిని గూర్చి గ్రంథము వ్రాసెను. బెదరిన గుఱ్ఱమును కొట్టరాదని ఆతడు బోధించెను. కొట్టినయెడల ఆ నొప్పియు బెదరించిన వస్తువు వలననే కలిగినదని గుఱ్ఱము తలచి, మఱునాడు రెట్టింపుగ బెదరును. కావున ఆ వస్తువునకు దూరముగ నిలిపి, అది తల వంచి ఊపిరి విడిచిన పిమ్మట నొక్కొక్క అడుగు దగ్గఱకు తీసికొనిపోయి వాసన చూడనీయవలెను.

కఱచుట: పిల్లతనమున ఇది ఆటగ మొదలగును. చేతినుండి బెల్లమో కేరట్టో ఎల్లప్పుడును పెట్టినందున చేతులు వెదకుట మరగును. తినుబండారములు తొట్టిలో వేయవలెను. మూతి చాచినప్పుడు మోచేయి అడ్డముంచి, దానిని వెనుకకు రెండడుగులు వేయించుట చాలును.

వెనుక కాళ్లపై లేచుట: ఇది అన్నిటికంటె అపాయకరమైనది. ముందునకు పొమ్మని కాళ్లతో పొడుచుచు, వలదని పగ్గము బిగించినయెడల గుఱ్ఱమునకు మిగిలిన దారి పైకే. నోటిని, వీపును వైద్యునిచే చూపించి, అనుభవజ్ఞుని చేతికి అప్పగింపవలెను. కొత్త యజమానుడు తనంతట సాహసింపరాదు. సహాయము కోరుట సిగ్గు కాదు. కోరకపోవుటవలన కలుగు నష్టము గుఱ్ఱమునకును మనుష్యునికిని సమానము.

బలముచే లొంగదీయుట

బలాత్కారముచే గుఱ్ఱము లొంగదా యని కొందఱడుగుదురు. లొంగును. అమెరికా దేశస్థుడైన జాన్ రేరీ 1858లో ఇంగ్లాండునందు విక్టోరియారాణి యెదుట తన విద్య చూపెను. ఇనుపతొడుగు మూతికి వేయవలసినంత క్రూరమైన క్రూజరు అను గుఱ్ఱమును లొంగదీసి పేరుగాంచెను. ముందుకాలొకటి మడిచి తోలుపట్టెడతో కట్టి, గుఱ్ఱము అలసి పడుకొనువఱకు వేచియుండి, పిదప దాని నిమురుట ఆతని పద్ధతి. కొట్టుట, ఆకలిచే మాడ్చుట మాత్రమే తెలిసిన ఆ కాలమున ఇది గొప్ప దయగ నుండెను. గుఱ్ఱము భయముచేతనే దుర్మార్గమగునని ఆతడు లోకమునకు చాటెను. ఆ మాట నేటికిని నిలిచియున్నది. కట్టిపడవేయు పద్ధతిని మాత్రము నేటి నిపుణులు మెచ్చరు. ఎదిరించినను ఫలము లేదని నిరాశతో ఊరకుండుట వేఱు, భయము తీఱి ఊరకుండుట వేఱు. పైకి రెండును ఒక్కతీరుగనే కనబడును. తేడా ఆపత్కాలమున తెలియును. నిరాశచే లొంగిన గుఱ్ఱము, కట్టు తెగిన దినమున తన దారి తాను చూచుకొనును. నమ్మిన గుఱ్ఱము, బెదరు కలిగినప్పుడు రౌతు మాటకై చెవి త్రిప్పును.

బాలబాలికలకు ఒక్క హెచ్చరిక. వివాహముల ఊరేగింపులందును, సముద్రతీరములందును కనబడు గుఱ్ఱముల వెనుకకు పోకుడు. వాని చెంత పరుగెత్తకుడు, కేకలు వేయకుడు. యజమానుని అనుమతి లేక తాకకుడు. చెవులు చూడుడు. అవి మీకు కావలసిన సంగతి చెప్పును.

పిల్లగుఱ్ఱము 25, 30 సంవత్సరములు జీవింపగలదు. దానిలో మొదటి కొన్ని మాసములు మనము ఓర్చి, కోపము లాయపు గుమ్మము బయట విడిచి, ప్రతిదినమును కొంచెము నేర్పినయెడల, మిగిలిన కాలమంతయు అది మనలను మోయును. తొందరపడినయెడల ఆ మాసములును పోవును, గుఱ్ఱమును పోవును. అందుచేత కొత్తగా గుఱ్ఱమును కొనువాడు, జీనుకంటెను కళ్లెముకంటెను ముందు సంపాదించుకొనవలసినది ఓర్పు.